ఎన్నారై సందేహాలు: ముందు ఏ ఇంగ్లిష్ తప్పు దిద్దుకోవాలి?

కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఇంగ్లిష్ గురించే ఉంటాయి. "అక్కా, ఎక్కడ 'ఎ' పెట్టాలి, ఎక్కడ 'ది' పెట్టాలి?" "సిన్స్‌కీ ఫర్‌కీ తేడా ఏంటి?" "'హూ' అనాలా, 'హూమ్' అనాలా?" "నా యాస విని నవ్వుతారేమోనని టెన్షన్‌గా ఉంది." ఇలాంటివి చాలా వస్తాయి, ఓపిగ్గానే చెబుతాను. కానీ ఈమధ్య ఒకమ్మాయి రాసిన ఉత్తరం రెండు రోజులు నా మనసులోంచి పోలేదు. ఈ ప్రశ్నలన్నీ వరసగా అడిగి, చివర ఒక మాట చేర్చింది. "మా ఆయన ఆఫీసుకు వెళ్లాక సాయంత్రం దాకా నోరు విప్పే పని ఉండదక్కా. ఏడు నెలలుగా పక్కింటావిడ రోజూ ఎదురవుతుంది. తప్పు మాట్లాడతానేమోనని తల దించుకుని వచ్చేస్తాను."

అమ్మాయ్, నీ గ్రామర్ సందేహాలకంటే ఆ చివరి మాటే నాకు ముఖ్యం. అందుకే జవాబు నువ్వడిగిన వరసలో రాయడం లేదు.

నేను ఈ దేశం వచ్చి 22 ఏళ్లయింది. ఇప్పుడు యాభై మంది ముందు నిలబడి గంటసేపు మాట్లాడగలను. మా టీమ్‌లో ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు కూడా ముఖ్యమైన మెయిల్ పంపే ముందు నాకొకసారి చూపిస్తారు. ఇదంతా దగ్గర కూర్చోబెట్టి ఎవరూ నేర్పలేదు, పడుతూ లేస్తూ నేర్చుకున్నాను. మీకిప్పుడు ఫోన్ తెరిస్తే వాక్యం దిద్దిపెట్టే యాప్‌లు బోలెడు. మేం వచ్చినప్పుడు మాకున్నది ఒక డిక్షనరీ, కాస్త మొండితనం. మీకు సౌకర్యాలు ఎక్కువ, భయం కూడా ఎక్కువే. మీ ఉత్తరాలు చదువుతుంటే అదే అనిపిస్తుంది.

ఇంగ్లిష్ పరీక్షలో నాకు మంచి స్కోరే వచ్చింది. 'యాక్టివ్ వాయిస్, ప్యాసివ్ వాయిస్' నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. అయినా మొదటి ఎనిమిది నెలల్లో ఆఫీసు పని తప్ప ఒక్క మనిషితో కూడా మనసు విప్పి మాట్లాడింది లేదు. దానికి కారణం ఒకే ఒక్క 'యెస్'.

మా ఆఫీసులో మధ్యాహ్నం తినడానికి ఒక గది ఉండేది. నలుగురు కూర్చునే టేబుల్ దగ్గర నేనొక్కదాన్నే కూర్చుని డబ్బా మూత తీస్తున్నాను. నా వయసావిడే ఒకామె ట్రే పట్టుకుని వచ్చింది. నా ఎదురు కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, "డు యు మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?" అని అడిగింది. ఆ వేగంలో నాకు చివరి రెండు మాటలే వినిపించాయి. కూర్చోవచ్చా అని అడుగుతోందని అర్థమైంది. సంతోషం పట్టలేక ముఖమంతా నవ్వు చేసుకుని, "యెస్, యెస్!" అన్నాను.

ఆమె చెయ్యి కుర్చీ మీద నుంచి లేచిపోయింది. ఒక్క క్షణం అలాగే నిలబడి, "ఓ, సారీ" అని కిటికీ పక్క టేబుల్ దగ్గరికి వెళ్లిపోయింది. నా నవ్వు నా ముఖం మీదే ఉండిపోయింది. దగ్గరగా వచ్చి నన్ను చూసి మనసు మార్చుకుంది అనుకున్నాను. నా బట్టలో, నా రంగో, నా డబ్బాలోంచి వచ్చే వాసనో, ఏదో ఒకటి నచ్చలేదని తీర్మానించుకున్నాను. మర్నాటి నుంచి ఆ గది ఖాళీ అయ్యాక, రెండు గంటలకు వెళ్లి తినేదాన్ని. అలా ఆరు నెలలు.

'మైండ్' అంటే ఇక్కడ అభ్యంతరం. "నేనిక్కడ కూర్చుంటే మీకేమైనా అభ్యంతరమా?" అని ఆవిడ అడిగింది. "అవును, అభ్యంతరమే" అని నేను నవ్వుతూ చెప్పాను. తెలుగులో ఎవరైనా అలా అడిగితే "అబ్బే, లేదండీ, కూర్చోండి" అంటాం కదా? ఇంగ్లిష్‌లోనూ అంతే, "నో, నాట్ ఎట్ ఆల్" అనాలి. ఆ కంగారులో ఏది అనాలో తోచకపోతే యెస్, నో రెండూ వదిలేయండి. కుర్చీ వైపు చెయ్యి చూపించి "ప్లీజ్, గో అహెడ్" అంటే ఏ గొడవా ఉండదు.

ఈ సంగతి నాకు ఆఫీసులో తెలియలేదు. మా దగ్గరి లైబ్రరీలో వారానికోసారి ఇంగ్లిష్ కబుర్ల గుంపు ఒకటి కూర్చునేది. రిటైరైన టీచరమ్మ ఒకావిడ నడిపేవారు. అక్కడ ఒక రోజు 'వుడ్ యు మైండ్' పాఠం వచ్చింది. వింటుంటే నా చేతులు చల్లబడ్డాయి. మర్నాడు పన్నెండున్నరకే ఆ గదిలోకి వెళ్లి, ఆవిడ ఎదురు కుర్చీ మీద చెయ్యి వేసి, ఆవిడ అడిగిన వాక్యమే అక్షరం పొల్లు పోకుండా అడిగాను. "నాట్ ఎట్ ఆల్" అంది. జరిగింది చెప్పాను. "ఆ కుర్చీ ఎవరి కోసమో ఆపి ఉంచావనుకున్నాను" అంది. నా రంగూ కాదు, వాసనా కాదు. ఆరు నెలలు నేనే కల్పించుకుని, నేనే బాధపడ్డాను.

అప్పటి నుంచి తప్పుల్ని నేను రెండు రకాలుగా చూస్తున్నాను. కొన్ని తప్పులు చేసినా అవతలివాళ్లకు అర్థమైపోతుంది, మరుక్షణం మర్చిపోతారు. మరికొన్ని మనిషిని మనకు దూరం చేస్తాయి. పుస్తకాలు మొదటి రకం మీదే పేజీలకు పేజీలు ఖర్చు పెడతాయి. మీరు రెండో రకం ముందు దిద్దుకోండి.

యెస్, నోల దగ్గరే ఇంకొక చిక్కు ఉంది. "మెయిల్ అందలేదా?" అంటే మనం "అవునండీ, అందలేదు" అంటాం. అవతలివాళ్లు అన్నది నిజమే అని ఒప్పుకోవడం మన పద్ధతి. ఇంగ్లిష్‌లో ప్రశ్నను చూడరు, జవాబునే చూస్తారు. మీ జవాబులో 'నాట్' ఉంటే ముందు 'నో' రావాలి: "నో, ఐ డిడ్‌నాట్." మనం "యెస్" అని ఊరుకుంటే అందిందనుకుంటారు, తర్వాత మనం అబద్ధం చెప్పామనుకుంటారు. ఒక్క మాటతో ఆపకుండా వాక్యం పూర్తిగా చెప్పే అలవాటు చేసుకుంటే చాలావరకు తప్పించుకోవచ్చు.

రెండో కథ చెప్పడం నాకు ఇప్పటికీ కష్టమే. మొదటి ఏడాదిలో అర్థం కాని ప్రతి మాటకూ తల ఊపేదాన్ని. మళ్లీ చెప్పమని అడిగితే ఇంగ్లిష్ రాదనుకుంటారని భయం. మా మెట్ల మీద పై అంతస్తు పెద్దావిడ కనిపించేది. ఒక సాయంత్రం ఆగి, మెల్లగా, "మై మదర్ పాస్డ్ లాస్ట్ వీక్" అంది. నాకు తెలిసిన 'పాస్' పరీక్ష పాసవడమే. ముసలావిడ ఏదో పరీక్ష రాసి గట్టెక్కిందేమో, ఈ దేశంలో ఏ వయసులోనైనా చదువుతారట కదా అనుకుని, "వెరీ గుడ్!" అన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. ఏమీ అనకుండా గోడ పట్టుకుని పైకి వెళ్లిపోయింది.

'పాస్డ్' అన్నా 'పాస్డ్ అవే' అన్నా చనిపోయారని. మనం వాడే 'ఎక్స్‌పైర్డ్' ఇక్కడ ఎక్కువగా కార్డులకు, పాస్‌పోర్టులకు వాడే మాట, మనిషికి వాడితే మొరటుగా ఉంటుంది. 'పాస్డ్ అవుట్' అంటే స్పృహ తప్పి పడిపోవడం. "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019" అని ఇంటర్వ్యూలో చెప్పే పిల్లలు ఇంకా ఉన్నారు, 'గ్రాడ్యుయేటెడ్' అనండి. ఎవరైనా పోయారని చెబితే "ఐ యామ్ సో సారీ" అంటే చాలు. "నేనేం తప్పు చేశానని సారీ చెప్పాలి?" అని ఒకబ్బాయి అడిగాడు. బాబూ, ఇక్కడ సారీ అంటే క్షమాపణ కాదు. మన 'అయ్యో' చేసే పనే ఆ మాట చేస్తుంది.

అర్థం కాకపోతే తల ఊపకండి. "సారీ, కుడ్ యు సే దట్ అగెయిన్?" అనండి. నేను ఆ రోజు ఆ ఒక్క వాక్యం అని ఉంటే, ఆ పెద్దావిడతో మెట్ల మీదే కాసేపు కూర్చుని ఉండేదాన్ని. రెండు వారాల తర్వాత వెళ్లి చెప్పుకున్నాను, ఆవిడ మన్నించింది. కానీ ఆ సాయంత్రం ఆవిడ ఒంటరిగా మెట్లెక్కింది.

ఆఫీసులో ఉన్నవాళ్లు 'డౌట్' అనే మాటతో జాగ్రత్త. మనకు సందేహం అంటే తెలియకపోవడమూ, నమ్మకం లేకపోవడమూ రెండూ. ఇంగ్లిష్ డౌట్‌లో నమ్మకం లేకపోవడమే ముందు వినిపిస్తుంది. ఒక మీటింగులో నా తోటి ఉద్యోగి లెక్కలన్నీ వివరించి కూర్చోగానే నేను చెయ్యెత్తి, "ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ రిపోర్ట్" అన్నాను. నేను అడగబోయింది ఒక గడిలో ఉన్న పొడి అక్షరాలకు అర్థమేమిటని, అంతే. అతని చెవులు ఎర్రబడ్డాయి. "నీకు ఏ అంకె మీద నమ్మకం లేదు?" అన్నాడు. గదంతా నిశ్శబ్దం. తర్వాత చాలా రోజులు నాతో ముభావంగానే ఉన్నాడు. "ఐ హావ్ ఎ క్వశ్చన్" అనుంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది.

మర్యాద సంగతి మనవాళ్లు బొత్తిగా పట్టించుకోరు. మర్యాద తెలియక కాదు. మన భాషలో మర్యాద క్రియ చివర ఉంటుంది. "ఆ ఫైలు ఇవ్వండి" అన్నప్పుడు ఆ 'అండి'లోనే గౌరవమంతా ఉంది. దాన్ని ఇంగ్లిష్‌లో పెట్టి "గివ్ మీ దట్ ఫైల్" అనగానే 'అండి' రాలిపోయి, "ఆ ఫైలు ఇవ్వు" మాత్రం మిగులుతుంది. ముందు 'ప్లీజ్' తగిలించినా ఆజ్ఞ ఆజ్ఞలాగే వినిపిస్తుంది. "కుడ్ యు గివ్ మీ దట్ ఫైల్?" అని ప్రశ్నగా మార్చండి. 'కెన్' కంటే 'కుడ్', 'విల్' కంటే 'వుడ్' మెత్తగా ఎందుకుంటాయని చాలామంది అడుగుతారు. మనమూ అదే చేస్తాం. పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లి "మిమ్మల్నొకటి అడుగుదామనుకున్నానండీ" అంటాం. అడగబోయేది ఇప్పుడే, అయినా 'అనుకున్నాను' అని జరిగిపోయినట్టు చెబుతాం. అలా కాలం ఒక అడుగు వెనక్కి జరిపితే మాట మెత్తబడుతుంది. 'ఐ వాంటెడ్ టు ఆస్క్' అనడంలో ఉన్నదీ అదే.

ఇక పుస్తకం ప్రశ్నలకు వస్తాను.

'ఎ', 'ది' మనకు లేవంటారు గానీ, ఆ ఆలోచన మనకూ ఉంది. "అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు." మొదటిసారి చెప్పేటప్పుడు 'ఒక', వినేవాళ్లకు తెలిశాక 'ఆ'. 'ఎ కింగ్', 'ది కింగ్' కూడా అంతే. ఎవరి గురించో, దేని గురించో వినేవాళ్లకు ముందే తెలిస్తే 'ది', లేకపోతే 'ఎ'. 'యాన్' ఎప్పుడు అంటే, అక్షరం చూడకండి, శబ్దం వినండి. 'అవర్'లో హెచ్ పలకదు కాబట్టి 'యాన్ అవర్'. 'యూనివర్సిటీ' యకారంతో మొదలవుతుంది కాబట్టి 'ఎ యూనివర్సిటీ'. ఇందులో తప్పు చేసినందుకు నన్నెవరూ దూరం పెట్టలేదు, మిమ్మల్నీ పెట్టరు.

సిన్స్, ఫర్ రెంటికీ మనకు ఉన్నది ఒక్క 'నుంచి'. "సోమవారం నుంచి", "మూడేళ్ల నుంచి" అని రెండుచోట్లా అదే అంటాం, అందుకే "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్" అని నోటికొస్తుంది. మొదలైన రోజు చెబితే సిన్స్, గడిచిన కాలం చెబితే ఫర్. క్రియ 'హావ్ బీన్' కావాలి: "ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్." 'నిన్న' అనే మాట వచ్చిందంటే 'హావ్ సీన్' వద్దు, ఊరికే 'సా' చాలు.

'ఐ యామ్ నోయింగ్', 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్' వద్దు. తెలియడం, సొంతంగా ఉండడం, నచ్చడం ఇవన్నీ స్థితులు, పనులు కావు. వాటికి మామూలుగా 'ఇంగ్' పట్టదు.

"నేను కూడా" అనడానికి 'ఈవెన్ ఐ' అంటుంటారు. "ఐ లైక్ వాకింగ్" అని ఎవరైనా అంటే "ఈవెన్ ఐ లైక్ వాకింగ్" అనకండి. "నాలాంటి దానికి సైతం నడక ఇష్టమే" అన్నట్టుంటుంది. 'మీ టూ' చాలు. 'కదా' అనే మన చిన్న మాటకు ఇంగ్లిష్‌లో 'ఈజింట్ హి', 'డోంట్ దే', 'వోంట్ యు' అంటూ మనిషికొకటి, కాలానికొకటి ఉన్నాయి. అవి పట్టుబడే దాకా అన్నిటికీ 'రైట్?' అనుకోండి. అన్నిటికీ 'ఈజింట్ ఇట్' మాత్రం తగిలించకండి.

'హూమ్' మాటల్లో దాదాపు పోయింది, దాని గురించి నిద్ర మానుకోకండి. ఒక్క మనిషికి 'దే' వాడొచ్చా అంటే, వాడొచ్చు. 14వ శతాబ్దం నుంచీ ఉన్న వాడుకే అది. మెరియమ్ వెబ్‌స్టర్ డిక్షనరీ వాళ్లు 2019లో ఆ ఏటి మాటగా 'దే'నే ఎంచుకున్నారు. మీ తోటి ఉద్యోగి తనను 'దే' అనమంటే అలాగే అనండి.

యాస గురించి నాకు దిగులు లేదు, మీకూ వద్దు. రెండు విషయాలు చూసుకుంటే చాలు. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి 'బస్' చివర 'బస్సు' వచ్చేస్తుంది, దాన్ని కత్తిరించండి. రెండోది, ఇంగ్లిష్ మాటలో ఒక ముక్క మీద బరువు పడుతుంది. 'డెవలప్'లో ఆ బరువు రెండో ముక్క మీద, 'వె' మీద. 'రికార్డ్' నామవాచకమైతే మొదట, క్రియ అయితే చివర. మనం అన్ని ముక్కలూ సమానంగా, పైగా వేగంగా అంటాం. మెల్లగా అంటే సగం యాస సమస్య తీరినట్టే.

పలకరింపుల దగ్గర నేను పడ్డ దిగులు చెప్పాలి. బ్రిటన్ మనిషి "యు ఆల్‌రైట్?" అంటే మీ ఆరోగ్యం మీద బెంగ కాదు, పలకరింపు. అమెరికా మనిషి "హౌ ఆర్ యు?" అన్నా అంతే. "గుడ్, థ్యాంక్స్, హౌ అబౌట్ యు?" అని నడుస్తూనే అనొచ్చు. కానీ "వి షుడ్ గెట్ టుగెదర్ సమ్‌టైమ్" అనే వాక్యం దగ్గర నేను మోసపోయానని చాలాకాలం అనుకున్నాను. ఒకామె అలా అంటే రెండు శనివారాలు ఫోన్ పక్కన పెట్టుకుని ఇంట్లోనే కూర్చున్నాను. ఫోన్ రాలేదు. అది అబద్ధమూ కాదు, వాగ్దానమూ కాదు. 'సమ్‌టైమ్' అంటే రోజు ఇంకా పెట్టలేదని అర్థం. ఆ రోజు మీరే పెట్టండి: "ఐ వుడ్ లవ్ టు. ఆర్ యు ఫ్రీ దిస్ సాటర్‌డే?" వీలైతే వస్తారు, లేకపోతే ఇంకో రోజు చెబుతారు. ఇంటికి వెళ్లి తిరిగొచ్చేటప్పుడు "వస్తానండీ" అనే అర్థంలో "ఐ విల్ కమ్" అనకండి, మీరు మళ్లీ వస్తారనుకుని తలుపు తెరిచి నిలబడతారు. "సీ యు" చాలు.

వీసాకో, యూనివర్సిటీకో ఏ పరీక్షలో ఎంత కావాలన్నది ఆయా అధికారిక వెబ్‌సైట్లలో చూసుకోండి, అవి మారుతుంటాయి. ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్లే చెల్లుతుందని, అందులో మాట్లాడే భాగం 11 నుంచి 14 నిమిషాలని గుర్తుంటే చాలు. వినడానికి బీబీసీ పాఠాలున్నాయి. వాళ్లు 1943లో రేడియోలో మొదలుపెట్టారు, ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితం. కానీ హెడ్‌ఫోన్లు పెట్టుకుని వంద పాఠాలు విన్నా ఇంట్లో నిశ్శబ్దం అలాగే ఉంటుంది. నేనూ విన్నాను, అందుకే చెబుతున్నాను. మీ లైబ్రరీలో కబుర్ల గుంపు ఉందేమో కనుక్కోండి. మొదటి రోజు మాట్లాడకపోయినా ఫరవాలేదు, వెళ్లి కూర్చోండి.

ఇప్పుడు మళ్లీ నీ దగ్గరికి వస్తున్నానమ్మా. ఉత్తరంలో నువ్వు 'పక్కింటావిడ' అనే రాశావు. ఏడు నెలలుగా ఎదురవుతున్న మనిషి పేరు నీకు తెలియదనుకుంటాను. రేపు ఎదురైనప్పుడు తల ఎత్తి, "హాయ్, ఐ లివ్ నెక్స్ట్ డోర్. ఐ డోంట్ థింక్ ఐ నో యువర్ నేమ్" అను. అద్దం ముందు పదిసార్లు అనుకుని వెళ్లు. అక్కడికి వెళ్లాక అంతా మర్చిపోయి "ఐ యామ్ నాట్ నోయింగ్ యువర్ నేమ్" అని వచ్చినా ఆగకు. ఆవిడకు అర్థమవుతుంది, పేరు చెబుతుంది. వినపడకపోతే ఏమనాలో పైన రాశాను. వచ్చే ఉత్తరంలో ఆవిడ పేరు రాయి.